వెర్షన్ మీద వేసే నింద

"మీది పాత వెర్షనండీ, కొత్తది వేయించుకోండి." పీపీటీ తెరుచుకోవడం లేదని ఎవరిని అడిగినా మొదట వినిపించే తీర్పు ఇదే. నెట్ సెంటర్ కుర్రాడు ఇదే అంటాడు. ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరూ ఇదే అంటాడు. సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ కేబుల్ పట్టుకుని చెమటలు కక్కుతున్న వాలంటీరూ ఇదే అంటాడు. ఫైలు ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో, తెర మీద వచ్చిన మెసేజ్ ఏమందో ఎవరూ చూడరు. విన్నవాళ్లు కూడా తమ పేదరికమో బద్ధకమో నలుగురిలో బయటపడ్డట్టు తల వంచుకుని ఒప్పుకుంటారు.

ఈ తీర్పు వెనక ఒక నమ్మకం ఉంది. సాఫ్ట్‌వేర్ ముందుకు పోతూ ఉంటుందట, కొత్తది రాసినదాన్ని పాతది చదవలేకపోవడం సహజమట, వెనకబడ్డవాడే డబ్బు పెట్టి అందుకోవాలట. చాలామంది చదువుకున్నవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులతో సహా, దీన్ని ప్రకృతి ధర్మంలా చెబుతారు. ఇది ప్రకృతి ధర్మం కాదు. చాలాసార్లు వాస్తవం కూడా కాదు. ఫైలు తెరుచుకోకపోతే ఆ భారం ఎవరు మోయాలన్న లెక్క దగ్గరికి వస్తే, ఈ నమ్మకం లెక్కను పూర్తిగా తలకిందులు చేస్తుంది.

ముందు చరిత్ర చూద్దాం. పవర్‌పాయింట్ 97తో వచ్చిన ఫైలు రూపం, మనం డాట్ పీపీటీ అని పిలిచేది, 2000, 2002, 2003 వెర్షన్లలోనూ అదే కొనసాగింది. ఆ కాలంలో సాఫ్ట్‌వేర్ ఏమీ నిలబడిపోలేదు. 2002 వెర్షన్‌లో గీసిన దారి వెంట బొమ్మ కదిలే యానిమేషన్లు వచ్చాయి, తెర మీంచి నిష్క్రమించే ఎఫెక్టులు వచ్చాయి. ఆ ఫైలును 97లో తెరిస్తే ఆ విన్యాసాలు ఆడేవి కావు. అక్షరాలు, బొమ్మలు, స్లైడ్ల వరస మాత్రం వచ్చేసేవి. పాత సాఫ్ట్‌వేర్ తనకు అర్థం కానిది వదిలేసి, అర్థమైనంత చూపించేది. పాస్‌వర్డ్ పెట్టిన ఫైళ్లలాంటి కొన్ని చోట్ల తప్ప దాదాపు పదేళ్లు కొత్త సదుపాయాలూ పాత ఫైలు రూపమూ కలిసే బతికాయి. కొత్తది పాతదాన్ని తప్పనిసరిగా తోసేస్తుందన్న వాదానికి ఆ పదేళ్లే జవాబు.

ఆఫీస్ 2007తో డాట్ పీపీటీఎక్స్ వచ్చింది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి: ఆ మార్పు చెడ్డది కాదు. పాత పీపీటీ ఒక మూసిన పెట్టె. దాని లోపలి నిర్మాణం ఎలా ఉంటుందో వివరించే పత్రాలను మైక్రోసాఫ్ట్ అందరికీ అందుబాటులో పెట్టింది 2008లో, అంటే ఆ రూపానికి కాలం చెల్లాక. కొత్త పీపీటీఎక్స్ అసలు ఒక జిప్ ఫైలు. లోపల ఒక్కో స్లైడుకు ఒక్కో ఎక్స్‌ఎంఎల్ పత్రం, బొమ్మలకు విడిగా ఒక ఫోల్డరు. సైజు తగ్గింది, కొంత పాడైనా మిగతాది రాబట్టుకునే వీలు పెరిగింది. అయితే 2003 వాడేవాడు ఆ ఫైలును నేరుగా తెరవలేడు. అందుకని మైక్రోసాఫ్టే కంపాటిబిలిటీ ప్యాక్ పేరుతో ఒక చిన్న ప్రోగ్రామును ఉచితంగా ఇచ్చింది. అది వేసుకుంటే ఆఫీస్ 2000, ఎక్స్‌పీ, 2003 కూడా కొత్త ఫైళ్లను తెరిచేవి. పవర్‌పాయింట్ అసలు లేనివాళ్లకు స్లైడ్లు చూసుకోవడానికి పవర్‌పాయింట్ వ్యూయర్ కూడా ఉచితంగా ఉండేది. 2018లో ఈ రెండింటినీ ఆపేశారు. అంటే అంతకుముందు 2003 ఉన్న కంప్యూటర్లో శుభ్రంగా తెరుచుకున్న ఫైలే, ఆ తర్వాత హార్డ్ డిస్కు పోయి అన్నీ మళ్లీ మొదటి నుంచి వేసుకున్నప్పుడు తెరుచుకోదు. ఈ మధ్యలో ఫైలు మారలేదు. 2003 వెర్షనూ మారలేదు. మారింది ఒక డౌన్‌లోడ్ పేజీ. దీన్ని ముసలితనం అని ఎలా అంటాం?

దీనికి ఎదురు దిశలో జరిగిన కథ ఇంకా విచిత్రం. 2007 సెప్టెంబరులో ఆఫీస్ 2003కి మూడో సర్వీస్ ప్యాక్ వచ్చింది. బుద్ధిగా అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు పవర్‌పాయింట్ 97కు ముందటి ఫైళ్లు ఒక్కసారిగా తెరుచుకోవడం మానేశాయి. వాటిలో భద్రత లేదన్నారు. గోల పెరిగాక 2008 జనవరిలో మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. లోపం ఆ ఫైలు రూపాల్లో లేదని, వాటిని చదివే తమ కోడ్‌లో ఉందని ఒప్పుకుని, ఆ అడ్డు తీసేసుకునే దారి సులువు చేసింది. అంటే కొత్తది వేయించుకున్నవాడికి పాత ఫైళ్లు పోయాయి. "అప్‌డేట్ చేస్తే అన్నీ తెరుచుకుంటాయి" అనేవాళ్లు ఈ ముచ్చట ఎప్పుడూ చెప్పరు.

ఇక సాంకేతిక విషయానికి వద్దాం. పాతది కొత్తదాన్ని అర్థం చేసుకోలేదన్న మాటను పీపీటీఎక్స్ ప్రమాణమే ఒప్పుకోదు. 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందిన ఐఎస్‌ఓ/ఐఈసీ 29500లో ఒక భాగమంతా ఈ ఇబ్బంది కోసమే రాశారు. కొత్త సదుపాయం వాడినచోట ఫైలులోనే రెండు రూపాలు పెట్టవచ్చు: నీకు తెలిస్తే ఇది చూపించు, తెలియకపోతే బదులుగా అది చూపించు. మార్ఫ్ అనే ట్రాన్సిషన్ పెట్టిన స్లైడును దాన్ని ఎరగని పాత వెర్షన్‌లో నడిపితే, అది మామూలు ఫేడ్‌లా మారిపోవడం అందుకే. స్లైడ్ షో ఆగదు. 2007లో మొదలైన ఈ రూపాన్నే ఇవాళ్టి పవర్‌పాయింటూ రాస్తోంది. కాబట్టి మీ దగ్గర 2010 ఉండి, నిన్న తయారైన పీపీటీఎక్స్ తెరుచుకోలేదంటే నింద వెర్షన్ మీద వేసే ముందు వేరేచోట వెతకాలి. ఎందుకంటే కారణం తరచూ వేరేచోటే ఉంటుంది.

ఎక్కడెక్కడ ఉంటుందో చెబుతాను. అన్నిటికన్నా మామూలుగా ఎదురయ్యేది, మెయిల్లోనో నెట్లోనో దించుకున్న ఫైలు. విండోస్ దాని మీద బయటినుంచి వచ్చిందని ఒక ముద్ర వేస్తుంది. 2010 నుంచి వచ్చిన పవర్‌పాయింట్లు ఆ ముద్ర చూసి ఫైలును ప్రొటెక్టెడ్ వ్యూలో తెరుస్తాయి. కొన్నిసార్లు అక్కడే తడబడి, ఫైల్లో సమస్య ఉంది, రిపేర్ చేయనా అంటాయి. చూసేవాడికి ఫైలు పాడైపోయినట్టే అనిపిస్తుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడుగున ఉన్న అన్‌బ్లాక్ దగ్గర టిక్ పెడితే చాలాసార్లు మారు మాట్లాడకుండా తెరుచుకుంటుంది. పంపినవాడు మీకు తెలిసినవాడైతేనే ఈ పని చేయండి. ముక్కూ మొహం తెలియనివాడి ఫైలుకు ఆ ముద్ర ఉండటమే మంచిది.

ఆ తర్వాతది సగంలో తెగిన కాపీ. జిప్ ఫైలులో ఏది ఎక్కడ ఉందో చెప్పే పట్టిక చిట్టచివర ఉంటుంది. పెన్‌డ్రైవ్ తొందరపడి లాగేసినా, డౌన్‌లోడ్ తొంభై శాతం దగ్గర ఆగినా, పోయేది ఆఖరి పది శాతమే అనుకుంటాం. పోయింది మాత్రం విషయసూచిక. అప్పుడు లోపల స్లైడ్లు చాలావరకు భద్రంగానే ఉన్నా మొత్తం ఫైలే చదవలేనిదని సాఫ్ట్‌వేర్ అంటుంది. మళ్లీ పంపించుకోవడమే దీనికి మందు. కొత్త వెర్షన్ కొన్నా పోయిన ముక్క తిరిగి రాదు.

ఇక మన తెలివి వల్ల వచ్చేవి కొన్ని. డాట్ పీపీటీఎక్స్ పేరులో చివరి ఎక్స్ తీసేస్తే పాత ఫైలు అయిపోతుందని నమ్మేవాళ్లున్నారు. పేరు మారుతుంది, లోపలి సరుకు మారదు. అనుమానం ఉంటే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి రెండు అక్షరాలు పీ, కే అని కనిపిస్తే అది జిప్, అంటే కొత్త రూపం. జిప్ రూపొందించిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలవి, ఇన్నేళ్లయినా ప్రతి పీపీటీఎక్స్ తలమీదా కూర్చున్నాయి. ఆ రెండక్షరాలు లేవంటే అది పాత పీపీటీ కావచ్చు. పాస్‌వర్డ్ పెట్టిన పీపీటీఎక్స్ కూడా కావచ్చు, ఎందుకంటే పాస్‌వర్డ్ పెట్టగానే ఆ ఫైలును పాతరకం పెట్టెలోనే దాస్తారు. డాట్ కీ అని ఉంటే అది ఆపిల్ కీనోట్‌ది, ఏ పవర్‌పాయింటూ, రేపు వచ్చేదైనా సరే, దాన్ని తెరవదు. డాట్ జీస్లైడ్స్ అని ఉంటే అసలు అందులో స్లైడ్లే లేవు, గూగుల్ డ్రైవ్‌లో ఉన్న స్లైడ్లకు దారి చూపే చిన్న చీటీ మాత్రమే ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఊరు దాటి వెళ్లి, హాల్లో కంప్యూటర్‌ను తిట్టుకోవడంలో అర్థం లేదు. వీడియో కథ వేరు. 2010కి ముందు పవర్‌పాయింట్ వీడియోను తన లోపల దాచుకునేది కాదు, అది ఎక్కడ ఉందో మాత్రం గుర్తుపెట్టుకునేది. పాత పీపీటీ ఒక్కదాన్నే తీసుకొచ్చి వీడియో ఫైలును ఇంట్లో వదిలేస్తే, ప్రపంచంలో అన్నిటికన్నా కొత్త వెర్షన్ కూడా నల్ల గళ్లే చూపిస్తుంది.

ఇవన్నీ చూడకుండా "వెర్షన్" అనడం రోగి నాడి పట్టకుండా ఆపరేషన్ రాసేయడమే.

నిజంగా పాత వెర్షనే కారణమైన సందర్భాలు ఉన్నాయి. 2003 ఉన్న కంప్యూటర్‌కు పీపీటీఎక్స్ వస్తే, ప్యాక్ లేకపోతే, అది తెరవలేదు. అప్పుడైనా కొత్తది కొనమనడం న్యాయమేనా? ఆ ఫైలు తయారుచేసినవాడి దగ్గర ఉన్న పవర్‌పాయింట్లో, ఎంత కొత్తదైనా, సేవ్ యాజ్ కింద పవర్‌పాయింట్ 97-2003 అనే మాట ఇప్పటికీ ఉంది. అది నొక్కితే ఏమవుతుంది? స్మార్ట్‌ఆర్ట్‌తో గీసిన పటం మామూలు బొమ్మగా మారుతుంది, దాన్ని ఇక దిద్దలేం. కొన్ని ఎఫెక్టులు పోతాయి. చదవడానికీ చూపించడానికీ కావలసింది మిగులుతుంది. ఫైలు ఎవరికి చేరుతుందో, వాళ్ల దగ్గర ఏముందో అడిగి తెలుసుకోగలిగినవాడు పంపేవాడే. దాన్ని ఇంకో రూపంలోకి మార్చగల పనిముట్టూ వాడి దగ్గరే ఉంది. అందుకునేవాడి దగ్గర ఉన్నది ఒక ఎర్రర్ మెసేజ్ మాత్రమే. చేతిలో అన్నీ ఉన్నవాడిని వదిలేసి, ఏమీ లేనివాడికి బిల్లు పంపడాన్ని ఇన్నాళ్లుగా మనం సాంకేతిక సలహా అని పిలుస్తున్నాం.

ఎదుటివాళ్ల వాదంలో బలమైనది భద్రత. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఆఫీస్ 2003కి 2014 ఏప్రిల్ 8తో, 2007కి 2017 అక్టోబరు 10తో, 2010కి 2020 అక్టోబరు 13తో మద్దతు ఆగిపోయింది. 2016, 2019 వెర్షన్లకు 2025 అక్టోబరు 14తో. ఆ తేదీల తర్వాత దొరికిన లోపాలను ఎవరూ పూడ్చరు. ఆఫీసు ఫైళ్లలో దొంగకోడ్ దాచి పంపడం పాత విద్యే. నెట్‌కు తగిలించిన కంప్యూటర్లో 2003 నడపడం ప్రమాదమే, పెన్‌డ్రైవులు ఊరంతా తిరిగే చోట నెట్ లేకపోయినా ప్రమాదమే. ఇంతవరకు ఒప్పుకుంటాను.

అయితే ఆ మాట చెప్పే నోరే తర్వాత ఏం చేస్తుందో చూడండి. మన చిన్న పట్టణాల్లో "కొత్తది వేయిస్తాను" అన్న మాటకు అర్థం చాలాచోట్ల క్రాక్ వెర్షనే. ఐదొందలు తీసుకుని, యాంటీవైరస్ ఆపేసి, ఎవడు రాశాడో తెలియని యాక్టివేటర్‌ను అడ్మిన్ అధికారంతో నడిపి, "అయిపోయింది సార్" అంటారు. భద్రత కోసమని తలుపు మార్పించుకుంటే పాత తాళం ఊడిపోయింది, కొత్త తాళంచెవి ఎవరి జేబులో ఉందో తెలియదు. అసలు భద్రతే కావాలంటే లైసెన్సు ఉన్నది కొనాలి, లేదా ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే లిబ్రేఆఫీస్ వేసుకోవాలి. లిబ్రేఆఫీస్ పాత పీపీటీనీ తెరుస్తుంది, పీపీటీఎక్స్‌నీ తెరుస్తుంది, ఒకదాన్ని ఇంకోదానిగా రాసిస్తుంది. అందులో స్లైడ్లు అచ్చు గుద్దినట్టు రావు, స్మార్ట్‌ఆర్ట్ దగ్గరా యానిమేషన్ల దగ్గరా తేడాలు వస్తాయి. ఆ తేడాల్ని భరించలేనివాళ్లు ఉన్నారు, నిజమే. తెరుచుకోని ఫైలుతో పోలిస్తే రెండు గళ్లు పక్కకు జరిగిన ఫైలు మేలు కాదా? కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. అక్కడి పిల్లలకు స్లైడ్లు చేయడం రాకుండా పోలేదు.

"గూగుల్ స్లైడ్స్‌లో తెరుచుకోండి, ఉచితమేగా" అనేవాళ్లూ ఉన్నారు. మంచి ఉపాయమే, నేనూ కాదనను. నెట్ ఉండాలి, లాగిన్ ఉండాలి, హాల్లో కంప్యూటర్‌లో ఎవరిదో పాస్‌వర్డ్ కొట్టి మరిచిపోకుండా ఉండాలి. ఇంట్లో కూర్చుని ముందురోజు రాత్రి చూసుకునేవాడికి అది చక్కగా పనికొస్తుంది.

తెలుగువాళ్లకు మాత్రం వెర్షన్ వాదం అన్నిటికన్నా ఘోరంగా బోల్తా పడేది ఫాంట్ల దగ్గర. మన దగ్గర తెరుచుకోలేదు అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి అసలు అర్థం, తెరుచుకుంది గాని చదవలేకపోతున్నాం అని. ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లతో చేసిన స్లైడ్లను ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, వాటి నెత్తిన చుక్కలూ గీతలూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఫైల్లో కంప్యూటర్ దృష్టిలో ఉన్నవి ఆ లాటిన్ సంకేతాలే; తెలుగు రూపం ఫాంట్లో మాత్రమే ఉంది. 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగుకు చోటు ఉన్నా, ప్రెస్సుల అలవాటు డీటీపీ సెంటర్లకూ, డీటీపీ సెంటర్ల అలవాటు ఆఫీసు పీపీటీలకూ పాకింది. ఇక్కడ 2003 తీసేసి మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టినా అదే గజిబిజి వస్తుంది. నెలనెలా కట్టే డబ్బులు అదనం.

యూనికోడ్‌లో రాసినా గండం తప్పదు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల. వీటిలో ఒకదానితో రాసిన స్లైడు ఇంకోటి ఉన్నచోట తెరిస్తే అక్షరాల వెడల్పు మారిపోయి, శీర్షిక రెండో వరసలోకి దిగి, కింది పాయింట్లు గడి దాటి స్లైడు అడుగున పడతాయి. నెట్ నుంచి ముచ్చటపడి దించుకున్న ఫాంట్ వాడితే చెప్పనక్కర్లేదు. విండోస్ పవర్‌పాయింట్ ఆప్షన్లలో సేవ్ అనే చోట ఫైలులో ఫాంట్లను పొదిగించే టిక్ ఉంది. అది పెడితే ఫైలు కాస్త బరువెక్కుతుంది, అవతలివాళ్లకు అక్షరాలు నిలుస్తాయి. ఇదీ పంపేవాడి చేతిలో పనే. తెలుగు పీపీటీలు చేసేవాళ్లలో ఆ టిక్ గురించి విన్నవాళ్లు ఎంతమంది? కొత్త వెర్షన్ గురించి వినని వాళ్లు మాత్రం ఎవరూ లేరు.

వ్యక్తులు తమ స్నేహితులకు పంపుకునే ఫైళ్ల సంగతి వాళ్ల ఇష్టం. ప్రభుత్వ కార్యాలయాల విషయంలో ఆ ఇష్టం చెల్లదు. జిల్లా పరిషత్ హైస్కూల్ మాస్టారికి, అంగన్‌వాడీ సూపర్‌వైజరుకు, గ్రామ సచివాలయ ఉద్యోగికి శిక్షణ పీపీటీలు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి పడుతుంటాయి. అవి తెరుచుకోవడానికి ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాలో నిర్ణయించే హక్కు పంపే అధికారికి ఎవరిచ్చారు? ఇది నా ఒక్కడి గోల కాదు. మైక్రోసాఫ్ట్ రూపాన్ని అంతర్జాతీయ ప్రమాణం చేయాలన్న ఓటింగ్‌లో భారత్ 2007లో వద్దంది, 2008లో మళ్లీ వద్దంది. అప్పటికే, 2006లోనే, ఓపెన్ డాక్యుమెంట్ అనే రూపం ఐఎస్‌ఓ ప్రమాణమైంది. 2010 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-పాలనలో ఓపెన్ ప్రమాణాల విధానాన్ని ప్రకటించింది. ఏ ఒక్క కంపెనీ సరుకుకూ కట్టుబడకుండా పౌరుడు ప్రభుత్వ సమాచారం అందుకోగలగాలన్నది దాని సారం. బ్రిటన్ 2014లో తన ఆఫీసుల కోసం ఇంకా సూటిగా చెప్పింది: దిద్దాల్సిన పత్రమైతే ఓపెన్ డాక్యుమెంట్, చూస్తే చాలనుకుంటే పీడీఎఫ్ లేదా వెబ్ పేజీ. మన దగ్గర విధానం కాగితం మీద ఉంది, ఆచారం మాత్రం "మీది పాత వెర్షన్" దగ్గరే ఆగిపోయింది.

"అయితే అందరికీ పీడీఎఫ్ పంపేస్తే పోలా" అంటారు. చూసి వదిలేసేదైతే పోతుంది. పాఠం చెప్పే మాస్టారికి ఆ స్లైడ్లలో తన ఊరి ఉదాహరణ చేర్చుకోవాలని ఉంటుంది, మూడు స్లైడ్లు తీసేయాలని ఉంటుంది. పీడీఎఫ్ ఆయన చేతులు కట్టేస్తుంది. అందుకే రెండూ పంపాలి: దిద్దుకోవడానికి ఒకటి, ఏ ఫోన్లోనైనా తెరుచుకోవడానికి ఒకటి. తెలుగు ఉంటే ఫాంట్ పొదిగించి, వీడియో ఉంటే విడిగా దాని ఫైలు కూడా పెట్టి. ఇంత చేయడానికి పంపేవాడికి ఐదు నిమిషాలు పట్టవచ్చు. అందుకునేవాళ్లు నాలుగు వందల మంది అయితే, ఆ ఐదు నిమిషాలు ఆదా చేసినందుకు నాలుగు వందల చోట్ల ఎవరో ఒకరు నెట్ సెంటర్‌కు నడుస్తారు.

పాత వెర్షన్‌లో తన ఫైలు ఏమవుతుందో పంపేవాడు ఊహించాల్సిన పని కూడా లేదు. ఆ సంగతి చూసి చెప్పే కంపాటిబిలిటీ చెకర్ పవర్‌పాయింట్లో 2007 నుంచీ ఉంది. 2010 తర్వాతి వెర్షన్లలో ఫైల్ మెనూ, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్ కింద మూడో వరసలో దొరుకుతుంది.